లెక్కలోకి రాని పెరడు

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే మన పల్లెల్లో ఆడవాళ్ళ చేతులు ఊరుకోవు. పెరట్లో మూలమూలకూ పాదు తవ్వుతారు. మాగిన పెంట కలిపి సొర, బీర, పొట్ల, గుమ్మడి గింజలు పెడతారు. దడి పొడుగునా చిక్కుడు పెడతారు. అంట్ల నీళ్ళు పారేచోట అరటి పిలక, చేమ దుంప. వంటింటి వెనక మడిలో మిరప, వంగ, టమాటా నారు, పక్కనే గుప్పెడు తోటకూర విత్తనం. దీనికి పట్టా కాగితం అక్కర్లేదు, బ్యాంకు అప్పు అక్కర్లేదు. శ్రావణం వచ్చేసరికి కూర కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇప్పుడు ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్, నిర్మల్ వైపు అడవి అంచు ఊళ్ళకు వెళ్ళి చూడండి. అడవి కనుచూపు మేరలో లేని కరీంనగర్, సిద్దిపేట పల్లెలకూ వెళ్ళి చూడండి. పాదులు తవ్వడం మానేసిన ఇళ్ళు వీధి వీధిలోనూ ఉన్నాయి. పెరడు ఉంది, నీళ్ళున్నాయి, ఓపికా ఉంది. ఎందుకు మానేశారమ్మా అని అడిగితే చాలా చోట్ల జవాబు ఒక్కటే: "ఏం పెట్టాలె బిడ్డా, కోతుల కోసమా?"

ఆ జవాబు గురించే ఈ ప్రసంగం.

కోతులు పెరటి మీద పడడం దగ్గరుండి చూడనివాళ్ళు అది ఒక పండో కాయో పోయే సంగతి అనుకుంటారు. దగ్గరుండి చూస్తే వేరుగా ఉంటుంది. ముందు ఒక పెద్ద మగకోతి ప్రహరీ మీదికి వచ్చి కూర్చుంటుంది. అది తొందరపడదు. ఇంట్లో ఎవరున్నారు, కుక్క ఉందా, కర్ర ఎవరి చేతిలో ఉంది, అన్నీ చూస్తుంది. ఇంట్లో ఉన్నది ఆడవాళ్ళూ పిల్లలూ మాత్రమే అయితే దానికి బెదురు తక్కువ. కాసేపటికి వెనక నుంచి ఆడకోతులు, పొట్టకు కరుచుకున్న పిల్లలతో సహా దిగుతాయి. పందిరి మీదికి ఎక్కగానే తీగ బరువుకు కుంగుతుంది. జానెడు సొరపిందెను తుంపి, రెండు కొరుకులు కొరికి, కింద పడేసి ఇంకోటి అందుకుంటాయి. పువ్వు విచ్చని బీర మొగ్గల్ని గిల్లి నోట్లో వేసుకుంటాయి. టమాటాలు అయితే పచ్చివీ దోరవీ తేడా లేదు, ఒక్కోదానికి ఒక్కో గాటు. చిక్కుడు తీగను పట్టుకుని లాగితే మొదలుతో సహా వస్తుంది. మనం కేకలు వేస్తూ బయటికి వచ్చేసరికి రెండు దవడలూ ఉబ్బి ఉంటాయి. ఈ కోతులకు దవడల లోపల సంచులుంటాయి. దొరికింది దొరికినట్టు అందులో కుక్కుకుని, దూరంగా కొమ్మ మీదికి చేరి, తీరిగ్గా నములుకుంటాయి. కొండముచ్చుకు ఆ సంచులు లేవు, అది ప్రధానంగా ఆకులు తినే జీవి. అందుకే పెరటి మీద దాని దాడి వేరుగా ఉంటుంది, చిక్కుడు, ములగ లేతాకు మీదికి పోతుంది.

పావుగంటలో అంతా అయిపోతుంది. మిగిలేది కుంగిన పందిరి, నేలంతా కొరికి పారేసిన పిందెలు.

ఆ కొరికి పారేయడమే మనకు ఎక్కువ కడుపుమంట తెప్పిస్తుంది. తింటే తిన్నావు, పాడుచేయడం దేనికి అంటాం. అడవిలో ఆ అలవాటుకు ఒక ప్రయోజనం ఉంది. చెట్టు మీద కొండముచ్చులు తుంచి పడేసిన ఆకులనూ పండ్లనూ కింద చుక్కల దుప్పులు ఏరుకుని తింటాయి. ఎండాకాలం దుప్పికి అది పెద్ద ఆసరా. అడవిలో కింద పడింది ఏదీ వృథా కాదు. మన పెరట్లో కింద తినే దుప్పి లేదు, కష్టపడి కాయించిన మనిషి మాత్రం ఉంది.

ఇంతకూ వచ్చిన కోతి ఏ కోతి? మన తెలుగు నేల మీద ఈ పనికి దిగేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి దక్షిణాది కోతి. దానికి నడినెత్తి నుంచి జుట్టు నాలుగు వైపులకూ పరుచుకుని ఉంటుంది, తోక ఒంటి పొడవంత ఉంటుంది. ఇంగ్లీషులో బొన్నెట్ మకాక్ అంటారు. ఇది మన దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. రెండోది రీసస్ కోతి, ఉత్తరాదిది. ముఖం ఎరుపు, వెనక భాగం నారింజ ఛాయ, తోక పొట్టి. ఒకప్పుడు గోదావరి, కృష్ణ ప్రాంతాలు ఈ రెండింటికీ హద్దుగా ఉండేవి. గత కొన్ని దశాబ్దాల్లో రీసస్ ఆ హద్దు దాటి దక్షిణానికి జరుగుతూ వస్తోందనీ, అది స్థిరపడ్డ చోట దక్షిణాది కోతి తగ్గిపోతోందనీ శాస్త్రవేత్తలు గమనించారు. ఒక ఊళ్ళో పట్టి, లారీల్లో తెచ్చి ఇంకో ఊరి పొలిమేరలో వదిలేసిన కోతులు కూడా ఈ జరుగుబాటులో ఒక భాగం.

పెరట్లో పిందె పోయిన మనిషికి ఈ తేడాతో పనేమిటి అనిపించవచ్చు. పని ఉంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో పెద్ద సవరణ జరిగింది. ఆ సవరణ దక్షిణాది కోతిని అన్నిటికంటే గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లోకి తెచ్చింది, రీసస్‌ను షెడ్యూళ్ళ నుంచి తప్పించింది. ఒకే ప్రహరీ మీద పక్కపక్కన కూర్చోగల రెండు కోతుల విషయంలో చట్టం రెండు రకాలుగా ఉందన్నమాట. పట్టేవాడిని పిలిపించే ముందు పంచాయతీ అటవీ శాఖతో మాట్లాడాలి, వచ్చింది ఏ రకమో తేల్చుకోవాలి.

కోతులు పెరిగాయనే మాట కొత్తది కాదు. పోలియో టీకా తయారీకీ, వైద్య పరిశోధనలకూ ఒకప్పుడు మన దేశం నుంచి ఏటా వేలకు వేల రీసస్ కోతుల్ని విదేశాలకు పంపేవారు. 1978లో ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది. ఆపడం మంచిదే. అయితే అప్పటికీ ఇప్పటికీ అసలు మారింది కోతి తిండి. నేను చూసినంతలో ఇబ్బందికి మూలం అక్కడుంది.

చెరువు కట్ట మీద జువ్వి, వాగు ఒడ్డున మేడి, ఊరి మొదట్లో రావి, దారి పొడుగునా మర్రి, గుట్ట మీద తునికి, మొర్రి, పాల, నేరేడు, బంజరులో రేగు, ఈత. ఇవి ఊరి చుట్టూ ఉన్నన్నాళ్ళూ కోతికి ఏడాదంతా ఏదో ఒకటి దొరికేది. ఇందులో మర్రి, రావి, జువ్వి, మేడి ఒకే కుటుంబం. వీటి పూత బయటికి కనపడదు, కాయ లోపలే ఉంటుంది. ఒక్కో జాతి చెట్టుకు తనదైన ఒక చిన్న కందిరీగ ఉంటుంది, అది లోపలికి దూరితేనే పరాగం కలుస్తుంది. ఆ కందిరీగ జాతి నిలవాలంటే ఎక్కడో ఒకచోట ఆ జాతి చెట్టు ఒకటి కాస్తూ ఉండాలి. అందుకని ఈ చెట్లన్నీ ఒక్కసారే కాయవు. ఒక మర్రి పండి రాలుతుంటే ఇంకో మర్రి పిందె వేస్తుంది. మిగతా అడవి ఎండిపోయిన రోజుల్లో పక్షికీ, గబ్బిలానికీ, కోతికీ కడుపు నింపేవి ఇవే.

ఆ చెట్లు ఎక్కడికి పోయాయో మనకు తెలుసు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు పోయేది మర్రి. హైదరాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా మన్నెగూడ వెళ్ళే దారిలో దాదాపు 900 మర్రి చెట్ల కోసం 2019 నుంచి పౌరులు పోరాడాల్సి వచ్చింది, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. అంత గొంతు లేని రోడ్ల మీద చెట్లు చప్పుడు లేకుండా కూలాయి. గుట్టల మీద, బంజర్ల మీద జామాయిల్, సుబాబుల్ వచ్చాయి. దూరం నుంచి అవీ పచ్చగానే కనిపిస్తాయి. జామాయిల్ తోటలో కోతి తినగలిగింది ఏముంది?

ఒక వైపు అడవిలో తిండి తగ్గింది, ఇంకో వైపు మనం చేత్తో పెట్టడం మొదలుపెట్టాం. శ్రీశైలం దారిలో నల్లమల గుండా వెళ్ళేవాళ్ళు కారు ఆపి అరటిపండ్లు, బిస్కట్లు విసురుతారు. కొండగట్టు లాంటి క్షేత్రాల్లో కొబ్బరి చిప్పలు, పులిహోర పెడతారు. పెట్టేవాళ్ళ మనసులో భక్తి ఉంది, జాలి ఉంది, నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ తిండి వల్ల మూడు జరుగుతాయి. అడవిలో తిరిగి వెతుక్కునే కోతి రోడ్డు పక్కన కూర్చోవడం నేర్చుకుంటుంది, బండ్ల కింద పడి చస్తుంది. మంచి బలమైన తిండి దండిగా దొరికితే ఆడకోతి ఏటా ఈనుతుంది, పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆడకోతులు పుట్టిన మందను వదిలిపోవు, పెద్దయ్యాక మంద మారేవి మగవి. తల్లి వెంట తిరిగిన పిల్లకు మనిషి చేతిలో తిండి ఉంటుందని చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఏ వీధిలో ఏ పెరట్లో పందిరి ఉందో కూడా ఆ మందలో తల్లి నుంచి పిల్లకు తెలుస్తూ వస్తుంది.

భక్తి మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. సుందరకాండ చివర్లో మధువన ఘట్టం మనందరికీ తెలుసు. సీతమ్మ జాడ తెలిసిందన్న సంబరంలో వానరులు సుగ్రీవుడి తోటలో పడి తేనె తాగి, పండ్లు తిని, కొమ్మలు విరుస్తారు. ఆ తోటకు కావలి ఉన్నవాడు దధిముఖుడు, సుగ్రీవుడి మేనమామ. అడ్డం వెళ్ళి దెబ్బలు తిని, ఏడుస్తూ రాజు దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంటాడు. సుగ్రీవుడు ఆ మొర విని కోప్పడడు, కార్యం సానుకూలమైందని గ్రహించి సంతోషిస్తాడు. కథకు అదే సరైన ముగింపు. మనం హనుమంతుణ్ణి కొలుస్తాం, అంగదుణ్ణి తలుచుకుంటాం. దధిముఖుడి బాధ ఎవరూ మనసులో పెట్టుకోరు. తోట కాసినవాడి కష్టం ఒకటుందని మాత్రం ఆ ఘట్టం రాసిన వాల్మీకికి తెలుసు. మన ఊళ్ళలో పెరట్లో కర్ర పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళది ఆ దధిముఖుడి కష్టం.

ఆ కష్టానికి ఎక్కడా లెక్క లేదన్నది ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

పొలంలో మొక్కజొన్న అడవి పందుల పాలైతే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అధికారులు వచ్చి చూస్తారు, ఎకరాల్లో కొలుస్తారు. ఫసల్ బీమా పథకంలో అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేర్చాలని కేంద్రం నిర్ణయించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోటోలతో తెలియజేయాలన్నది నిబంధన. రైతులు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నది అది, రావడం మంచిదే. కానీ అది నోటిఫై చేసిన పంటకు, బీమా కట్టిన రైతుకు. పెరట్లో పది పాదులు ఏ పంట కింద వస్తాయి? అర గుంట కూడా లేని మడిని ఎవరు కొలుస్తారు? కొలిచినా దాని విలువ వందల రూపాయల్లో తేలుతుంది. అందుకని అడిగేవాళ్ళూ లేరు, రాసుకునేవాళ్ళూ లేరు.

ఆ వందల రూపాయల వెనక ఏముందో చూడాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. అయిదుగురున్న ఇంట్లో అందరూ పెద్దవాళ్ళే అయితే అది రోజుకు రెండు కిలోలు. కూలికి వెళ్ళే ఇల్లు రోజూ రెండు కిలోల కూరగాయలు కొంటుందా? కొనలేదు. పెరడు ఉంటే ఆకుకూర, సొరకాయ, చిక్కుడు ఊరికే వచ్చేవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం అని తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, కోతుల మీదికి నెట్టలేం. కానీ అంత రక్తహీనత ఉన్న చోట ఇంటి తోటకూర పోవడం చిన్న సంగతి కాదు. అంగన్వాడీల్లో పోషణ వాటికల పేరుతో కూరగాయల మడులు వేయమని ప్రభుత్వం చెబుతోంది. వేసిన టీచరమ్మలూ ఈ కోతులతోనే వేగాల్సి వస్తోంది.

ఇంకో నష్టం విత్తనం. ప్రతి ఇంట్లో సొరకాయ ఒకటి విత్తనానికని తీగకే ఎండనిచ్చేవారు. గింజలు బూడిదలో కలిపి, ఎండు సొరబుర్రలో పోసి దూలానికి వేలాడగట్టేవారు. గుండు సొర, పొడుగు సొర, ఎర్ర చిక్కుడు, పందిరి చిక్కుడు, ఇలా ఒక్కో ఇంటికి ఒక్కో రకం. ఆడపిల్ల అత్తారింటికి వెళ్తుంటే కొంగున నాలుగు గింజలు కట్టి పంపేవారు. విత్తనం కాయ ఎండేదాకా తీగ మీద ఉండాలంటే నెలలు పడుతుంది. కోతులు అన్ని రోజులు ఉంచవు. రెండేళ్ళు విత్తనం కట్టకపోతే ఆ రకం ఆ ఇంట్లో పోయినట్టే. బజారు నుంచి తెచ్చే పొట్లంలో అది దొరకదు.

కోతి ఒక్కటే అని కాదు. రాత్రిపూట అడవి పందులు వస్తాయి. వాటికి చూపు తక్కువ, వాసన పట్టడంలో మాత్రం వాటికి సాటి లేదు. చిలగడదుంప, వేరుశనగ, చేమ ఎక్కడున్నా ముట్టెతో మన్ను ఎగదోసి బయటికి తీస్తాయి. ఏదుపంది దడి కింద దూరి దుంపలు తవ్వుతుంది. నెమళ్ళు మిరప, టమాటా నారు పీకుతాయి. అది జాతీయ పక్షి, దాని మీద చెయ్యి వేయకూడదు. బొప్పాయి చెట్టు మీద పండు తెల్లారేసరికి డొల్లగా కనిపిస్తే అది మానుపిల్లి పనో గబ్బిలం పనో అయి ఉంటుంది. అడవి అంచు ఊళ్ళో ఆడమనిషికి పగలు కోతి కాపలా, రాత్రి పంది కాపలా.

విసిగిపోయినప్పుడు మనుషులు చేసే కొన్ని పనుల గురించి గట్టిగా చెప్పాలి. దడికి తీగ కట్టి కరెంటు పెట్టడం. దయచేసి వద్దు. ఆ తీగకు తగిలి పందులకంటే ముందు మనుషులు పోతున్నారు. పక్క చేను రైతు, పొద్దున్నే బహిర్భూమికి వెళ్ళినవాడు, ఆ తీగ కట్టినవాడే మర్చిపోయి తగిలినవాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి చావులు పేపర్లో చదువుతూనే ఉన్నాం. సోలార్ కంచె వేరు, దాన్ని దీనితో కలపకండి. అందులో కరెంటు కొద్దికొద్ది విరామంతో, రెప్పపాటు కంటే తక్కువ సేపు, ఒక దెబ్బలా మాత్రమే వస్తుంది. జంతువు బెదురుతుంది, చావదు. కంపెనీ అమర్చిన యంత్రంతో తప్ప దాన్ని కూడా సొంతంగా చేయబోవద్దు.

రెండోది కార్బైడ్ గొట్టం. ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ ముక్కలు, నీళ్ళు వేసి పేల్చేది. కోతుల తుపాకీ అని అమ్ముతారు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో పిల్లలు వీటితో ఆడుకుని, ఎంతోమంది కళ్ళు దెబ్బతిని ఆస్పత్రుల పాలయ్యారు. పేలలేదేమిటని గొట్టంలోకి తొంగి చూడడమే కొంప ముంచుతుంది. అది ఇంట్లో ఉంటే ఇవాళే తీసేయండి. పిండిలో నాటు బాంబు పెట్టడం, విషం కలపడం గురించి వేరే చెప్పనక్కర్లేదు, ఆవులూ కుక్కలూ పోతాయి, చేసినవాళ్ళు జైలుకు పోతారు.

కోతి కరిచినా గీరినా తేలిగ్గా తీసుకోవద్దు. పుండును సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి. పసుపు అద్ది, మంత్రం వేయించి ఊరుకోకూడదు.

బెదిరించే ఉపాయాలు మనవాళ్ళకు తెలియనివి కావు. వడిసెల, డప్పు, దిష్టిబొమ్మ, పులి ఫ్లెక్సీ, కొండముచ్చు ఫ్లెక్సీ, బ్యాటరీ మైకులో కుక్క అరుపు. మొదట్లో పనిచేస్తాయి. వారం పది రోజుల్లో కోతి ఆ ఫ్లెక్సీ పక్కనే కూర్చుంటుంది. ఏది పెట్టినా చోటు మార్చుతూ, ఒకటి తీసి ఇంకోటి పెడుతూ ఉంటే కొన్నాళ్ళు ఎక్కువ నడుస్తుంది. మనిషి కదలికను మించిన బెదురు మాత్రం లేదు. అది రోజంతా ఎవరు చేయగలరు?

నా దృష్టిలో పెరటికి నిజంగా నిలిచే ఉపాయం గూడు. పెరడంతా కాపాడాలనుకోకుండా ఒక మూల, పది పన్నెండు అడుగుల చదరం, మనిషి నిలబడేంత ఎత్తు, ఇనుప గొట్టాలతో చట్రం కట్టించి నాలుగు వైపులా, పైన కూడా వెల్డ్ మెష్ బిగించాలి. నైలాన్ వల కోతి పళ్ళకు, వేళ్ళకు ఆగదు. మెష్ అడుగు భాగం జానెడు లోతున మట్టిలో పాతితే పందికొక్కు, ఏదుపంది సులువుగా తవ్వలేవు. తలుపుకు గొళ్ళెం బయటి నుంచి కాదు, చెయ్యి దూర్చి తీయాల్సినట్టు పెట్టాలి, కోతి మామూలు గడియను తీసేస్తుంది. ఆ చిన్న చోటులో తోటకూర, పాలకూర, మెంతి మడులు, పది మిరప, పది టమాటా, నాలుగు వంగ మొక్కలు వస్తాయి. తోటకూర నెల తిరక్కుండా కోతకు వస్తుంది కాబట్టి వారానికో మడి చొప్పున చల్లుకుంటూ పోతే ఏడాదంతా ఆకుకూర తెగదు.

తీగలకు ఆ గూట్లో చోటు చాలదు. అయినా ఒక్క సొర పాదు పెట్టి మెష్ లోపలి వైపునే పాకించవచ్చు. అప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. మెష్ కన్నాలు అంగుళం ఉంటే తేనెటీగలు వస్తాయి. కానీ సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటి దగ్గరికి వచ్చేవి పెద్ద రెక్కల రాత్రి చిమ్మటలు. అవి అంత సులువుగా లోపలికి రాలేవు. దీపాలు పెట్టే వేళకు విచ్చుకున్న మగపువ్వును కోసి, రేకులు వెనక్కి మడిచి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. రెండు రోజుల్లో పిందె కిందికి వంగి ఊరడం మొదలుపెడితే కట్టినట్టు, పసుపుబారితే లేనట్టు. గుమ్మడి, దోస పొద్దున్నే విచ్చుకుంటాయి, వాటికి ఆ పని తెల్లవారుజామున. విత్తనానికి ఉంచే కాయ కూడా ఈ గూట్లోనే నిశ్చింతగా ఎండుతుంది. ఆ ఒక్క కారణం చాలు గూడు కట్టించడానికి.

గూటి బయట ఉంచాల్సినవి వేరు. పసుపు, అల్లం, కంద, కాకర, నిమ్మ, కరివేపాకు, పుదీనా జోలికి కోతి సాధారణంగా రాదు. కంద, చేమలో నోరు దురద పుట్టించే గుణం ఉంది, కోతి నుంచి అదే వాటికి కాపలా. మరీ ఆకలి మీద వచ్చిన మంద ఏదీ ముట్టదని హామీ ఇవ్వలేం గానీ, పీకి చూసి వదిలేసిన పసుపు మొక్కను మళ్ళీ నాటుకోవచ్చు.

పందులకు, ఏదుపందులకు అయితే పాత కాలపు ముళ్ళ కంచె ఇప్పటికీ పనికొస్తుంది. వాక్కాయ మొక్కలు జానెడు, మూరెడు ఎడంగా రెండు వరసలు పెడితే మూడు నాలుగేళ్ళలో మేక కూడా దూరలేని కంచె అవుతుంది. పైగా కాయలు పప్పులోకి, పచ్చడిలోకి వస్తాయి. గచ్చ పొద కూడా అంతే గట్టిది. పొలం గట్ల చుట్టూ ఆముదం నాలుగు వరసలు వేయడం, వేరుశనగ చుట్టూ ముళ్ళ కుసుమ వేయడం వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పందులకు చెబుతున్న ఉపాయాలే. కోస్తాలో పాత చేపల వలలు కడతారు. కాళ్ళు చిక్కుకుంటాయని పందులు జంకుతాయి. కానీ ఆ వలల్లో జెర్రిపోతులు చిక్కుకుని చస్తున్నాయి. ఎలకల్ని తిని మన పెరటిని కాపాడే పాము అది. వల కట్టేవాళ్ళు నేలకు ఆనకుండా జానెడు పైకి బిగించి కట్టండి, రోజూ ఒకసారి చూడండి.

ఇవన్నీ ఇంటి మట్టుకు. ఊరి మట్టుకు జరగాల్సినవి నిదానంగా జరిగేవి. నిర్మల్ జిల్లా చించోలిలో 2020 డిసెంబరులో కోతుల రక్షణ, పునరావాస కేంద్రం మొదలైంది. కోతుల్ని పట్టుకొచ్చి పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేసి మళ్ళీ వదిలే పని అక్కడ జరుగుతుంది. మనకంటే ముందు హిమాచల్ ప్రదేశ్ 2006-07 ప్రాంతంలోనే ఈ పని మొదలుపెట్టి, లక్షన్నరకు పైగా కోతులకు చేసింది. ఆపరేషన్ అయిన కోతి రేపటి నుంచి పెరటికి రాదని కాదు, పదేళ్ళకు మంద పలుచబడుతుంది. ఒక్క కేంద్రంతో అయ్యే పని కాదిది, ప్రతి ఉమ్మడి జిల్లాకూ ఒకటి కావాలి. పట్టుకుని పక్క మండలంలో వదిలేయడం కంటే మాత్రం ఇది ఎన్నో రెట్లు నయం. పక్క మండలంలోనూ పెరళ్ళున్నాయి, అక్కడా ఒక అక్క సొర పాదు పెట్టుకుని ఉంటుంది.

మొక్కలు నాటే హరితహారం కార్యక్రమంలో భాగంగా తెలంగాణ పల్లెల్లో కోతుల ఆహార వనాలు వేశారు. ఆలోచన మంచిదే. ఊరికి ఆనుకుని జామ, సీతాఫలం వేస్తే మాత్రం అది కోతుల్ని ఊరికి పిలిచినట్టు అవుతుంది. వేయాల్సింది ఊరికి దూరంగా, అడవి లోపలి వైపు. వేయాల్సినవి మర్రి, జువ్వి, రావి, మేడి, నేరేడు, తునికి, మొర్రి. మర్రికి, జువ్వికి, రావికి నర్సరీ మొక్కే అక్కర్లేదు. వానలు పట్టగానే మనిషి చేతి లావు కొమ్మ, నిలువెత్తుది నరికి లోతుగా పాతితే చిగురుస్తుంది. అంత ఎత్తు మీద వచ్చిన చిగురు మేకకు అందదు, కంచె ఖర్చూ ఉండదు. మన తాతలు చెరువు కట్టల మీద చాలా చెట్లు పెంచింది ఇలాగే.

మిగిలింది లెక్క. పాలీహౌస్‌లకు, షేడ్‌నెట్‌లకు ఉద్యాన శాఖ రాయితీ ఇస్తోంది. ఇంటి వెనక పన్నెండు అడుగుల మెష్ గూటికి కూడా ఏదో ఒక పథకం కింద సాయం ఇవ్వవచ్చు. ఇవ్వాలంటే నష్టం కాగితం మీద కనపడాలి. అందుకని వింటున్న అక్కచెల్లెళ్ళకు ఒక విన్నపం. పిల్లల పాత నోటుబుక్కులో ఒక పేజీ తీసుకోండి. తేదీ, వచ్చింది ఏ జంతువు, కోతి అయితే తోక పొట్టిదా పొడుగుదా, ఎన్ని వచ్చాయి, ఏ పాదులు పోయాయి, ఆ వారం కూరగాయలకు బజార్లో ఎంత పెట్టారు, ఇవన్నీ రాయండి. ఫోనుంటే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. మీ మహిళా సంఘంలో పదిమంది ఇలా ఒక వానకాలం రాస్తే, ఆ పది పుస్తకాలూ వచ్చే గ్రామసభలో కార్యదర్శి ముందు పెట్టి, పెరటి నష్టం అన్న మాటతో తీర్మానం రాయించండి. తీర్మానం నకలు ఒకటి అటవీ రేంజ్ ఆఫీసుకు, ఒకటి ఉద్యాన అధికారికి పంపించి, అందినట్టు ముద్ర వేయించుకోండి.